దూరపు పరుగు – ఊపిరి బిగువు

మన పాఠశాలలో దూరపు పరుగు నభ్యసించు బాలబాలికలు ఏటేట పెరుగుచున్నారు. 100 మీటర్ల పందెము కండబలముచే గెలువదగినది. నడుమ ఊపిరి తీసినను తీయకున్నను అది ముగిసిపోవును. 1500, 3000 మీటర్ల పందెములును, 42.195 కిలోమీటర్ల మారథాను పరుగును, దూరపు ఈతయు, సైకిలు పందెములును అట్టివి కావు. ఇవి ఊపిరితో గెలువవలసిన పందెములు. ఇట్టి పందెములలో పాల్గొనువారికే శ్వాసనాళములకు సంబంధించిన ఒక బాధ ఇతరులకంటె ఎక్కువగా కలుగుచున్నదని వైద్యశాస్త్రము కనుగొన్నది. ఆ బాధ ఎట్టిది, ఎందుకు కలుగును, మన చెన్నపట్టణపు గాలికి దానితో గల సంబంధమేమి అను విషయములను ఈ వ్యాసమున తెలిసికొందము.

దీనిని వ్రాయుటకు నన్ను పురికొల్పినది నేను చేసిన యొక తప్పు. కొన్ని ఏండ్ల క్రిందట తొమ్మిదవ తరగతి బాలుడొకడు 3000 మీటర్ల పందెమునకు సాధన చేయుచుండెను. చాకలిపేటనుండి వచ్చువాడు, సన్నని దేహము, పొడవైన కాళ్లు. మైదానము చుట్టు పరుగిడునప్పుడు వానికి సాటి లేకుండెను. ఐతే పరుగు ముగించి కూర్చుండిన ఐదారు నిమిషములకు వానికి దగ్గు ఆరంభమయ్యెడిది. మరల పరుగునకు పిలిచినచో వెనుదీయుచుండెడివాడు. నేను విజ్ఞానశాస్త్రము బోధించువాడనైనను ఆ దినములలో క్రీడల పర్యవేక్షణయు నా మీదనే యుండెను. పరుగిడునంతసేపు బాగుగ నుండి, ఆగిన పిమ్మట దగ్గుట నాకు నటనగా తోచెను. పదిమంది యెదుట "సోమరితనమునకు దగ్గొక సాకు" అంటిని. వాడు తల వంచుకొని, "పరిగెత్తేటప్పుడు ఏమీ ఉండదు సార్, నిలిచినాకే రొమ్ము బిగపట్టుకుంటుంది" అనెను. నేనా మాటను చెవిని పెట్టలేదు. రోగనిర్ణయమంతయు ఆ మాటలోనే యున్నదని తరువాత ఒక వైద్యుడు చెప్పగా తెలిసికొంటిని.

ఆయాసము లన్నియు ఒక్కటి కావు. మన ప్రాచీనులకు ఈ భేదము తెలియును. చరకసంహితలో శ్వాసరోగములు ఐదు విధములుగా చెప్పబడినవి. అందు క్షుద్రశ్వాసము శ్రమచేత కలిగి విశ్రాంతిచేత తనంతట అణగునది. దానిని గూర్చి భయపడ బనిలేదు. తమకశ్వాస మట్టిది కాదు. రొమ్ము పట్టుట, పిల్లికూతలు, దగ్గు దాని లక్షణములు. నేడు మనము ఉబ్బస మనునది ఇదియే. గ్రీకు వైద్యుడైన అరెటేయస్ సుమారు 1900 సంవత్సరముల క్రిందట ఉబ్బసమును వర్ణించుచు పరుగుచేతను, వ్యాయామముచేతను ఊపిరి కష్టమగుటను ప్రత్యేకముగ పేర్కొనెను. కావున పరుగునకును ఉబ్బసమునకును గల సంబంధము నిన్న మొన్న కనుగొన్నది కాదు. ఆ సంబంధమునకు కారణము మాత్రము 20వ శతాబ్దపు ఉత్తరార్ధమున గాని తేటపడలేదు.

ఆ కారణమును గ్రహించుటకు కొంచెము లెక్క చేయవలెను. ఊరక కూర్చున్న మనిషి నిమిషమునకు ఇంచుమించు 6 మొదలు 8 లీటర్ల గాలిని పీల్చి విడుచును. మారథాను పరుగిడు సామాన్యుడు నిమిషమునకు 70 లీటర్లు పీల్చునని యనుకొందము. అతడు ఆ దూరమును 4 గంటలలో పూర్తిచేసినచో 240 నిమిషములకు 16,800 లీటర్లగును. కదలక కూర్చున్న మనిషి ఒక పూర్తి దినమునకు పీల్చు గాలి సుమారు 10,000 లీటర్లు. అనగా ఈ పరుగిడువాడు ఒక ఉదయమున ఒకటిన్నర దినముల గాలిని ఊపిరితిత్తులకు పట్టించుచున్నాడు! ప్రపంచస్థాయి క్రీడాకారులు తీవ్రశ్రమ చేయునప్పుడు నిమిషమునకు 150 లీటర్లను మించియు పీల్చుదురు. గాలి ఎట్టిదైనను, మంచిదైనను చెడ్డదైనను, వారికి అందరికంటె ఎన్నో రెట్లు ముట్టుచున్నదని గ్రహింపుడు.

ఇంకొక విషయము గలదు. ముక్కు కేవలము రంధ్రము కాదు, అదొక యంత్రము. లోనికి వచ్చు గాలిని వెచ్చజేసి, తడిపి, దుమ్మును వడకట్టి పంపుట దాని పని. కాని నిమిషమునకు 35, 40 లీటర్లకు మించిన గాలి కావలసివచ్చినప్పుడు ముక్కు చాలదు; నోరు తెరువవలసియుండును. ముక్కు చేయవలసిన పని అప్పుడు కంఠనాళము మీదను, శ్వాసనాళముల మీదను పడును. ఈ నాళముల లోపలి గోడలపై పలుచని తడిపొర యొకటి గలదు. పెద్ద నాళము లన్నిటిలోని తడిని ఒకచోట చేర్చినను ఒక చెంచాకు రాదు. ఆ స్వల్పమైన తడితోనే లోనికి వచ్చు గాలి నంతటిని తడుపవలెను.

దేహోష్ణత 37 డిగ్రీలు. ఆ వేడిమిలో గాలి సంపూర్ణముగ తడిసినప్పుడు ఒక లీటరు గాలిలో 44 మిల్లీగ్రాముల నీటి ఆవిరి యుండును. ఊపిరితిత్తుల అడుగునకు చేరునప్పటికి గాలి ఈ స్థితికి రావలెను. మార్గశిరమాసపు వేకువను మన పట్టణమున 24 డిగ్రీల వేడిమియు నూటికి 85 వంతుల తేమయు ఉన్నవనుకొనినచో, ఆ గాలి లీటరునకు 18 మిల్లీగ్రాములకు పైగా ఆవిరిని తనతోనే తెచ్చుకొనును. తక్కిన 25 మిల్లీగ్రాములను నాళము లియ్యవలెను. నిమిషమునకు 70 లీటర్ల చొప్పున అది ఒకటిముప్పాతిక గ్రాములగును. ఊపిరి విడుచునప్పుడు ఇందులో కొంత నాళములకు తిరిగి దక్కును గాని అంతయు దక్కదు. స్వీడను దేశమున మైనస్ 10 డిగ్రీల చలిలో మంచుమీద స్కీలతో పరుగిడు వానికి వచ్చు గాలిలో లీటరునకు రెండున్నర మిల్లీగ్రాముల ఆవిరి మాత్రమే యుండును. వాని నాళములు ఎంత ఎండునో మీరే లెక్కింపుడు. 1993లో స్వీడను వైద్యులు స్కీ క్రీడాకారులలో ప్రముఖులను కొందరిని పరీక్షింపగా సగమునకు మించినవారికి ఉబ్బస లక్షణములు కనబడినవి.

తడిపొర ఎండినప్పుడు అందలి లవణములు చిక్కబడును. చుట్టునున్న కణములలోని నీరు బయటికి లాగబడి అవి ముడుచుకొనును. ఈ ఒత్తిడికి లోనైన మాస్టు కణములు మొదలగునవి హిస్టమిన్, ల్యూకోట్రయీన్ అను పదార్థములను వెలువరించును. నాళముల చుట్టునున్న కండరములు ఈ పదార్థములు తగులగనే బిగియును; లోపలి గోడ వాయును; కఫము ఊరును. నాళ మిరుకగును. ఇరుకైన వెదురుగొట్టములో గాలి యూదిన కూత వచ్చునట్లు, ఆ నాళములనుండి పిల్లికూత వచ్చును. ఈ సిద్ధాంతమును ప్రతిపాదించి ప్రయోగములచే బలపరచినవారిలో ముఖ్యురాలు ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమునకు చెందిన శాండ్రా ఆండర్సన్ అను శాస్త్రవేత్త.

పరుగిడునప్పుడు లేని బాధ ఆగినపిదప ఎందుకు? పరుగిడునంతసేపు దేహము శ్వాసనాళములను తెరచియుంచుటకు తానే ప్రయత్నించును. దీర్ఘశ్వాసలు నాళములను సాగదీయుచుండును. పరుగాగినంతనే ఈ రెండు సహాయములును తగ్గిపోవును, బిగింపునకు అడ్డుండదు. అందుచే బాధ సామాన్యముగ పరుగు ముగిసిన 5 మొదలు 15 నిమిషముల లోపల హెచ్చి, అరగంటకో గంటన్నరకో తనంతట తగ్గును. చాకలిపేట బాలుడు చెప్పినది ఇదియే. శాస్త్రము బోధించు నాకు తెలియనిది వాని రొమ్మునకు తెలిసినది!

ఇందొక చిత్రము గలదు. ఒకసారి ఈ బాధ వచ్చి తగ్గిన పిదప, కొందరికి రెండు మూడు గంటలవరకు మరల పరుగిడినను అంతగా రాదు. నాళములకు ఒక విధమైన విరామము లభించును. అనుభవజ్ఞులైన క్రీడాకారులు దీనిని గ్రహించి, పందెమునకు ముందు పదిపదునైదు నిమిషములపాటు నడుమ నడుమ వేగము పెంచుచు తగ్గించుచు దేహమును కాచుకొందురు. ఆ చిన్న పరుగులచేత నాళములు ముందుగనే ఆ విరామస్థితికి వచ్చును. ఇది అందరికి ఫలింపదు గాని, ఫలించినవారికి పైసా ఖర్చు లేని మందు.

ఇంతవరకు చెప్పినదాని ననుసరించి చెన్నపట్టణపు తేమగాలి పరుగిడువారికి మేలు చేయవలెను గదా యని మీరడుగవచ్చును. చేయుచున్నది. చెమట కారుచున్నదని మనము విసుగుకొను ఈ తేమయే నాళములకు రక్ష. ఐతే అగ్నినక్షత్రపు దినములలో సముద్రపుగాలి ఆలసించి, పడమటినుండి పొడిగాలి వీచునప్పుడు సంగతి వేరు. 40 డిగ్రీల వేడిమి, నూటికి 30 వంతుల తేమ గల గాలి లీటరునకు 15 మిల్లీగ్రాముల ఆవిరినే తెచ్చును. అనగా మార్గశిరపు చలిగాలికంటె అది పొడిగాలి. వేడిగా నున్నదంతయు తడిగా నున్నదని భ్రమపడరాదు.

ఐనను మన పట్టణమున పరుగిడువానికి అసలు శత్రువు పొడి కాదు, పొగ. మోటారు బండ్లు, ఉత్తరమున మణలి, ఎన్నూరు ప్రాంతములలోని కర్మాగారములు, తగులబెట్టు చెత్త దీనికి మూలములు. ఈ పొగలో 2.5 మైక్రోమీటర్లకు లోపలి పరిమాణము గల రేణువులుండును. మన తలవెండ్రుక మందములో ఇది ముప్పదవ వంతు. ఇంత సన్ననివి నోటిద్వారా పోయినప్పుడు అడ్డగించువారు లేక ఊపిరితిత్తుల అడుగువరకు దిగును. 24 గంటల సగటున ఘనమీటరు గాలిలో ఇవి 60 మైక్రోగ్రాములకు మించరాదని మన దేశపు ప్రమాణము. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో 15కు మించరాదని సూచించినది. ఈ ప్రమాణములు రోజంతయు సామాన్యముగ ఊపిరి తీయువారిని దృష్టిలో నుంచుకొని ఏర్పరచినవి. పదిరెట్లు ఊపిరి తీయువాడు ఎంత జాగరూకుడై యుండవలెనో చెప్పనక్కరలేదు.

వేకువగాలి స్వచ్ఛమని మన పెద్దల నమ్మకము. పల్లెలో అది నిజము కావచ్చును. మహానగరమున శీతకాలపు వేకువను నేలను అంటియున్న గాలి చల్లబడి కదలక నిలుచును. పైన వెచ్చని గాలి మూతవలె కప్పును. రాత్రి వెలువడిన పొగ ఆ మూతక్రింద చిక్కుకొనును. పైగా సముద్రతీరమున పగలు కడలినుండి నేలవైపునకును, రాత్రి నేలనుండి కడలివైపునకును గాలి వీచుట మీరు భూగోళశాస్త్రమున చదివియే యున్నారు. గాలి నిలకడగా నున్న దినములలో వేకువను మెరీనా తీరమున నిలిచి సముద్రమువైపు మోము త్రిప్పి "ఆహా!" యని మనము పీల్చు గాలి కడలిది కాదు, పట్టణము మీదుగా వచ్చిన గాలి. కడలిగాలి మధ్యాహ్నపు ప్రాంతమున గాని రాదు.

ఇక భోగి. ఇది తమిళులకును మనకును ఉమ్మడి పండుగ. పాతకట్టెలు, పిడకలు, తాటాకులు వేసి పెట్టిన భోగిమంటకు పట్టణమున రబ్బరుటైర్లు, ప్లాస్టికు సంచులు తోడైనవి. 2018 జనవరి 13వ తేదీన భోగిపొగ మంచుతో కలిసి మన విమానాశ్రయమున దారి కానరాకపోవుటచే అనేక విమానములు వేరు ఊళ్లకు మళ్లింపబడినవి. అంతటి లోహపక్షులు దిగజాలని గాలిలో మన బాలురు పరుగు సాధన చేయుట తగునా? చెన్నై మారథాను పరుగు జనవరి మొదటి దినములలో జరుగుట వాడుక. భోగి ఆ పిదప వచ్చును గనుక పందెము తప్పించుకొనుచున్నది గాని, సాధన మానని వారు తప్పించుకొనుట లేదు. దీపావళి సంగతియు ఇట్టిదే. బాణసంచా కాల్చుటకు దినమునకు 2 గంటలు మాత్రమే యుండవలెనని 2018లో సుప్రీంకోర్టు ఆదేశింపగా, తమిళనాడు ప్రభుత్వము ఉదయము 6 మొదలు 7 వరకును, సాయంకాలము 7 మొదలు 8 వరకును నిర్ణయించినది. ఆ ఉదయపు గంట సరిగా మనవారు పరుగునకు బయలుదేరు గంటయే!

పేరెన్నికగన్న వీరులు కూడ గాలిని లక్ష్యపెట్టిరి. ఇథియోపియా దేశపు హైలే గెబ్రెసెలాసీ ఉబ్బసము గలవాడు. 2008 బీజింగు ఒలింపిక్సులో ఆ నగరపు గాలికి జంకి, మారథాను మానుకొని 10,000 మీటర్లు మాత్రమే పరుగిడెను. పిరికివాడని యెవ్వరైన అనుకొనియుందురేమో. మరుసటి నెలలోనే బెర్లినులో 2 గంటల 3 నిమిషముల 59 సెకండ్లలో మారథాను ముగించి ప్రపంచరికార్డు నెలకొల్పెను. మన దేశమున 2017 నవంబరులో ఢిల్లీ హాఫ్ మారథాను ముందు పొగ దట్టముగ నుండుటచే పందెమును వాయిదా వేయుడని భారత వైద్యసంఘము కోరినది. పందెము 19వ తేదీన జరిగియే తీరినది. కొందరు ముక్కుకు ముసుగులు గట్టి పరుగిడిరి.

ఈతగాండ్రకు తేమకు కొదువ లేదు గదా, వారికి ఈ బాధ యెందుకు అను ప్రశ్నయు కలుగును. ఈతకొలనులోని క్లోరిను, ఈతగాండ్ర చెమట మొదలగువానితో కలిసి ట్రైక్లోరమీన్ అను వాయువగును. ఇది నీటిమీద జానెడెత్తున తేలియాడును. ఈతగాడు ఊపిరి తీయునది సరిగా అచటనే. అందుకే పైకప్పు గల కొలనులలో ఏండ్లతరబడి సాధన చేసినవారికి నాళములు రేగుట కద్దు. పోటీ ఈతను మానినవారిలో ఈ బాధ క్రమముగ తగ్గినదని ఫిన్లండు వైద్యులు గమనించిరి. ఆరుబయటి కొలనులో గాలి పారుదల యుండుటచే ఈ చిక్కు తక్కువ.

పరుగిడువానికి వచ్చు దగ్గు లన్నియు ఈ జాతివే యనుకొనరాదు. మారథాను వంటి మహాశ్రమ తరువాత ఒకటి రెండు వారములు జలుబు, గొంతునొప్పి తగులుట కలదు. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌను నగరమున జరుగు టూ ఓషన్స్ మారథాను పరుగిడినవారిని 1980 దశకపు ఆరంభమున పరిశీలింపగా, పరుగు పిదప నూటికి 33 మందికి ఇట్టి లక్షణములు కలిగినవి; పరుగిడని వారిలో నూటికి 15 మందికి మాత్రమే. ఇవన్నియు సూక్ష్మజీవులచేతనే కలిగినవా, నాళములు ఎండి రేగుటచేతనా అను చర్చ తరువాత బయలుదేరినది. ఏదైనను జ్వరముతోను, రొమ్ములో కఫముతోను పరుగిడుట తగదు. గొంతువరకే యున్న జలుబైనచో మెల్లగా నడువవచ్చును.

మరియొకటి స్వరపేటికకు సంబంధించినది. తీవ్రముగ పరుగిడునప్పుడు కొందరికి స్వరతంత్రులు విప్పారుటకు బదులు దగ్గరగా చేరును. వీరికి బాధ పరుగుమధ్యలోనే వచ్చును. ఊపిరి లోనికి తీయునప్పుడు గొంతులో కూత పుట్టును. ఆగిన కొద్ది నిమిషములకే పోవును. ఉబ్బసపు కూత ఊపిరి విడుచునప్పుడు రొమ్మునుండి వచ్చునది. ఈ భేదము తెలియక ఉబ్బసపు మందులు ఏండ్లతరబడి వాడి ఫలము కానని బాలికలున్నారు. రక్తహీనతచేతను, అరుదుగ గుండెజబ్బుచేతను ఆయాసము రావచ్చును. పరుగిడుచుండగా రొమ్ములో నొప్పి వచ్చినను, సొమ్మసిల్లినను వెంటనే వైద్యునికి చూపవలెను. రెండు వారములు దాటిన దగ్గు ఎవ్వరికైనను క్షయపరీక్ష చేయించవలసిన దగ్గే. క్షయకు ఇంటివద్దనే చికిత్స చేయవచ్చునని లోకమునకు చాటిన పరిశోధనాసంస్థ 1956 నుండి మన చేత్‌పట్టులోనే యున్నది గాన ఈ మాట మనకు మరింత ముఖ్యము.

వ్యాధిని ఎట్లు నిర్ణయింతురు? స్పైరోమీటరను యంత్రములో రోగిచేత బలముగ ఊదించి, మొదటి సెకండులో ఎంత గాలి బయటికి వచ్చినదో కొలుతురు. పిదప 6 మొదలు 8 నిమిషములు గట్టిగ పరుగిడజేసి, ఆగిన తరువాత అనేకసార్లు మరల కొలుతురు. మొదటి కొలతకంటె నూటికి 10 వంతులు గాని అంతకంటె ఎక్కువ గాని తగ్గినచో నాళములు బిగిసినవని గ్రహింతురు. పాఠశాలలో ఇంత యంత్రము లేకున్నను పీక్‌ఫ్లో మీటరను చిన్న గొట్టముతో స్థూలముగ చూడవచ్చును. పరుగునకు ముందు 400 చూపిన ముల్లు, పరుగాగిన 10 నిమిషములకు 320 చూపినచో నూటికి 20 వంతులు తగ్గినట్లు. ఇది అనుమానమునకు చాలును, నిర్ణయము వైద్యునిదే.

ఇక చికిత్స. ఇన్‌హేలరను పేరు వినగనే మన ఇండ్లలో కలుగు భయము ఇంతింత కాదు. ఆ బాలుని తల్లిని పిలిపించి నేను క్షమాపణ చెప్పుకొని, పరీక్ష చేయింపుడని వేడుకొన్నప్పుడు ఆమె మొదట చెప్పిన మాట, "వాడికి చిన్నప్పటినుంచే ఉందండీ. డాక్టరు ఆ పీల్చే మందు ఇచ్చినాడు. అలవాటు పడిపోతాడని నేనే బీరువాలో పెట్టేసినాను. నలుగురికీ తెలిస్తే ఉబ్బసం పిల్లోడంటారు గదండీ" అని. ఆ తల్లిని తప్పుపట్టుటకు నాకేమి అర్హత గలదు? బిడ్డ రోగమును ఆమె మరుగుపరచినది. ఆ రోగమును నేను సోమరితనమంటిని.

నిజమేమనగా, పీల్చు మందు మాత్రకంటె మేలైనది. మాత్ర కడుపులో కరగి, రక్తములో కలిసి దేహమంతయు తిరుగును. పీల్చినది కావలసిన చోటికే చేరును గనుక మిక్కిలి స్వల్పమైన మోతాదు చాలును. సాల్బుటమాల్ వంటి మందులు బిగిసిన కండరములను నిమిషములలో సడలించును. పరుగునకు పదిపదునైదు నిమిషముల ముందు పీల్చినచో బాధ రాకుండ కాపాడును. కాని దీనిని మాత్రమే దినదినము వాడినచో శక్తి తగ్గిపోవును. వాపును తగ్గించు స్టెరాయిడును అతిస్వల్పమోతాదులో పీల్చుటయే మూలచికిత్స. ప్రపంచమునకంతటికిని ఉబ్బసచికిత్సా సూత్రములను వెలువరించు గినా అను సంస్థ, ఉబ్బసమునకు సాల్బుటమాల్ వంటి మందును ఒక్కదానినే వాడవలదని 2019లో స్పష్టముగ చెప్పినది. ఎవరికి ఏ మందు, ఎంత అనునది వైద్యుడు నిర్ణయింపవలెను. ఒకరి ఇన్‌హేలరును వేరొకరు వాడరాదు.

పోటీలలో పాల్గొనువారు ఇంకొకటి తెలిసికొనవలెను. 1972 మ్యూనిక్ ఒలింపిక్సులో 16 ఏండ్ల అమెరికా బాలుడు రిక్ డెమాంట్ 400 మీటర్ల ఈతలో ప్రథముడై స్వర్ణపతకమందెను. అతనికి చిన్ననాటినుండి ఉబ్బసము. వాడు మందులో ఎఫిడ్రిన్ అను నిషిద్ధపదార్థముండెను. తాను వాడు మందులను అతడు పత్రములో వ్రాసియే యిచ్చెను. పెద్దలు దానిని ఒలింపిక్ సంఘమునకు సరిగా నివేదింపలేదు. పతకము తిరిగి తీసికొనిరి. ప్రపంచరికార్డు తన పేరనే యున్న 1500 మీటర్ల ఈతలో దిగనియ్యనే లేదు. పిల్లవాని తప్పు లేదని అమెరికా ఒలింపిక్ సంఘము ఒప్పుకొనుటకు 2001వ సంవత్సరము రావలసివచ్చెను. పతకము మాత్రము రాలేదు. నేడు సాల్బుటమాల్ పీల్చుటకు మితమైన అనుమతి గలదు: 24 గంటలలో 1600 మైక్రోగ్రాములు, అందును ఏ 8 గంటలలోనైనను 600 మించరాదు. మాత్రల రూపమున నిషిద్ధము. కావున ఉబ్బసము గల క్రీడాకారుడు తన మందు పేరును మోతాదును వైద్యుని చేతివ్రాతతో దగ్గర నుంచుకొనుట అవసరము.

ఉబ్బసము గలవాడు పరుగునకు పనికిరాడను మాటకు అంకెలే సమాధానము. 1984 లాస్ ఏంజిల్స్ ఒలింపిక్సులో పాల్గొన్న అమెరికా జట్టులోని 597 మందిలో 67 మందికి శ్రమచే నాళములు బిగియు లక్షణముండెను. ఆ 67 మంది గెలిచిన పతకములు 41. ఇంగ్లండు వనిత పౌలా రాడ్‌క్లిఫ్ బాల్యమునుండి ఈ బాధ గలది. 2003లో లండను మారథానును 2 గంటల 15 నిమిషముల 25 సెకండ్లలో ముగించి స్త్రీలలో ప్రపంచరికార్డు నెలకొల్పినది. దానిని 2019 వరకు ఎవ్వరును దాటజాలకపోయిరి. చాకలిపేట తల్లికి నేనీ సంగతి చెప్పినప్పుడు, "ఆ అమ్మ కూడా పీలుస్తుందాండీ?" అని రెండుసార్లు అడిగినది.

బాలుని వైద్యుడు పరీక్షించెను, మందు కుదిరెను. తరువాతి ఏట మండల పోటీలలో వాడు నాలుగవవాడుగ వచ్చెను. ముందున్న ముగ్గురు వానికంటె వేగముగ పరుగిడిరి, అంతే. ఊపిరి వానికి అడ్డురాలేదు. గీత దాటిన పిదప నేను గడియారము చూచుచు పావుగంట వానిచెంత నిలిచితిని. వాడు నీరు త్రాగి, సంచి సర్దుకొని, "పోదామా సార్" అనెను.

మన మైదానపు సాధనలో ఆ పిమ్మట కొన్ని మార్పులు చేసికొంటిమి. పరుగునకు ముందు పదునైదు నిమిషములు మెల్లగను వడిగను మార్చి మార్చి కదలుట. పరుగాగినవెంటనే కూలబడక నడచుట. ఆగిన పావుగంట వరకు దగ్గువారెవరో గమనించి పుస్తకమున వ్రాయుట. పెద్దవీధి ప్రక్కను సాధన చేయుట మానితిమి. బండ్ల పొగ వీధినుండి దూరమగు కొలది తగ్గును. కేంద్ర కాలుష్య నియంత్రణమండలి ఆలందూరు, మణలి, వేళచ్చేరి మొదలగు చోట్ల గాలిని కొలిచి వాయుసూచికను ప్రకటించుచున్నది. 100 లోపల నున్నచో పరుగు; 100 దాటినచో ఉబ్బసము గలవారికి తేలికపాటి వ్యాయామము; 200 దాటినచో ఎవ్వరికిని పరుగు లేదు. ఇది మేము మా జాగ్రత్తకు పెట్టుకొన్న కట్టడి. ఇన్‌హేలరు గలవారు దానిని ఇంటి బీరువాలో గాక తమ సంచిలోనే తెచ్చుకొనవలెను. ఎవ్వరికైనను ఊపిరాడక మాట పెగలనిచోను, పెదవులు నీలి వారినచోను, కూర్చుండబెట్టి మందు పీల్పించి 108కి ఫోను చేయవలెను, పరుండబెట్టరాదు.

శీతకాలమున సాధనను వేకువనుండి సాయంకాలమునకు మార్చితిమి. భోగినాడును మరునాడును సాధన యుండదు. కనుమ మరునాటి సాయంకాలము 4-30 గంటలకు, కడలిగాలి తిరిగిన పిదప, అందరును మైదానమునకు రావలెను.